మహారాజశ్రీ రూబిస్కో గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రూబిస్కో గారికి,
హరితరేణువు, వరి ఆకు, గోదావరి డెల్టా.

ఆర్యా,

జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పుకొని బతికే నేను, రైబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ కార్బాక్సిలేజ్ ఆక్సిజనేజ్ అనే, ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ అయిన మీ పూర్తి పేరును ఏటా పిల్లల చేత గుక్క తిప్పుకోకుండా వల్లె వేయిస్తూ, జీవావరణంలో అత్యధికంగా ఉండే ప్రోటీన్ ఏది అన్న ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా మిమ్మల్నే రాయిస్తూ, ఇంతకాలం మీ కీర్తిని నా చేతనైనంత పెంచాను. మీరు అంత అత్యధికంగా ఎందుకు ఉండవలసి వచ్చిందో మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు. అడిగితే ఆ కీర్తి కాస్తా ఏమవుతుందో పేపరు దిద్దేవారికి తెలిసే ఉంటుంది. ఆ అడగని ప్రశ్నను ఈ లేఖ ద్వారా మిమ్మల్నే అడుగుతున్నాను.

అంతకంటే ముందు మీరు ఏ వంశంలో పుట్టారో గుర్తు చేయవలసి ఉంది. కణంలో జరిగే రసాయన చర్యల్లో చాలావాటికి జరిగే యోగ్యత ఉంది గాని తొందర లేదు. చక్కెర ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారడం శక్తి లెక్కల ప్రకారం లాభసాటి వ్యవహారమే. అయినా వంటింటి డబ్బాలోని పంచదార ఏళ్ల తరబడి పంచదారగానే ఉంటుంది. పాత బంధాలు తెగి కొత్తవి ఏర్పడే ముందు ప్రతి అణువూ బంధాలు సాగి, విద్యుదావేశాలు చెదిరి, అటు పాత పదార్థమూ ఇటు కొత్త పదార్థమూ కాని ఒక సంకట స్థితిని దాటవలసి ఉండడమే ఇందుకు కారణం. సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలవని ఆ సంక్రమణ స్థితిని చేరడానికి కావలసిన ఉత్తేజన శక్తి సాధారణ ఉష్ణోగ్రత దగ్గర ఏ కొద్ది అణువులకో తప్ప దొరకదు. ప్రయోగశాలలో అయితే దీపం వెలిగించి వేడి చేస్తాం. ఒంట్లోనో ఆకులోనో దీపం వెలిగించే వీలు లేదు గనుక కణం ఎంజైములను నియమించుకుంది.

మీ బంధువులు చేసే పనిలో మాయ ఏమీ లేదు. ప్రోటీన్ మడతల నడుమ క్రియాశీల స్థానం అనే చిన్న చోటు ఉంటుంది. అక్కడ ఒక పక్క ఆమ్లం, మరో పక్క క్షారం, అవసరమైతే ఒక లోహ అయాన్, ఒక్కొక్కటీ ఉండవలసిన చోటనే ఉండి, లోపలికి వచ్చిన అణువు చుట్టూ ఉన్న నీటిని తొలగించి, అది ఏ వైపు తిరిగితే చర్య జరుగుతుందో ఆ వైపే తిప్పి నిలబెడతాయి. అణువును ఎంజైమ్ వంచి, లాగి చర్యకు సిద్ధం చేస్తుందని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హాల్డేన్ 1930లో ఊహించాడు. ఎంజైమ్ అన్నిటికన్నా గట్టిగా పట్టుకొనేది మొదటి పదార్థాన్ని కాదనీ, అది మారే దారిలోని ఆ సంక్రమణ స్థితిని అనీ 1940ల్లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్ తేల్చి చెప్పాడు. ఆ పట్టు వల్ల ఉత్తేజన శక్తి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. చర్య ముగిశాక ఎంజైమ్ మాత్రం ఖర్చు కాకుండా తరువాతి అణువుకు సిద్ధమవుతుంది. చర్య చివరికి ఏ సమతాస్థితి దగ్గర ఆగాలో మార్చే అధికారం మాత్రం దానికి లేదు. ముందుకు పోయే దారిని ఎంత సుగమం చేస్తుందో వెనక్కి వచ్చే దారిని కూడా అంతే సుగమం చేస్తుంది. ఎంజైమ్ తాగితే జరగని పనులన్నీ జరిగిపోతాయని సీసాల మీద అచ్చువేసి అమ్మేవారు ఈ చివరి సంగతిని ఏ అట్టపైనా అచ్చువేయగా నేను చూడలేదు.

ఈ పద్ధతితో మీ వారు సాధించినవి వింటే నాకే గర్వంగా ఉంటుంది. మన రక్తంలోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ ఒక్కటి సెకనుకు సుమారు 10 లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను నీటితో కలుపుతుంది. జన్యు అక్షరాల తయారీలో పాలుపంచుకొనే ఓరోటిడిన్ ఫాస్ఫేట్ డీకార్బాక్సిలేజ్ చేసే చర్యను ఎంజైమ్ లేకుండా నీటిలో వదిలేస్తే, సగం పదార్థం మారడానికి దాదాపు 7.8 కోట్ల ఏళ్లు పడుతుందని రాడ్జికా, వుల్ఫెండెన్ అనే శాస్త్రజ్ఞులు 1995లో లెక్కగట్టారు. ఆ ఎంజైమ్ దాన్ని సెకనులో యాభయ్యో వంతులో ముగిస్తుంది.

ఇక తమరు. ఒక్కో క్రియాశీల స్థానంలో సెకనుకు సుమారు 3 కార్బన్ డయాక్సైడ్ అణువులు.

మూడు లక్షలు అనబోయి మూడు అన్నానని ఎవరైనా అనుకుంటారేమో, మూడే. ఎనిమిది పెద్ద ఉపభాగాలూ ఎనిమిది చిన్న ఉపభాగాలూ కలిపి పదహారింటితో, పెద్ద భాగాల జన్యువు హరితరేణువులో, చిన్న భాగాల జన్యువులు కేంద్రకంలో, ఇంత హంగామాతో కణం కట్టించుకున్న భారీ కట్టడం ఇచ్చే దిగుబడి అది. ఈ మందకొడితనానికి మొక్కలు కనిపెట్టిన పరిహారం మన ప్రభుత్వ కార్యాలయాలు ఎరిగినదే: పని సాగకపోతే మనుషులను పెంచడం. ఆకులో కరిగి ఉండే ప్రోటీన్‌లో దాదాపు సగం మీరే అయ్యారు. హరితరేణువులో మీరు పట్టుకోవలసిన కార్బన్ డయాక్సైడ్ అణువుల కన్నా మీ క్రియాశీల స్థానాలే వందల రెట్లు ఎక్కువ. అంటే ఒక్కో దరఖాస్తుకు వందల మంది గుమాస్తాలు. భూమి మీద మీ వంశ పరివారం మొత్తం బరువు సుమారు 70 కోట్ల టన్నులని 2019 నాటి అంచనా.

ఇంత మందికి జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడైనా విచారించారా? ప్రోటీన్ కావాలంటే నత్రజని కావాలి. వరి వంటి మొక్కల ఆకులోని నత్రజనిలో దాదాపు నాలుగో వంతు మీ ఒక్కరి పోషణకే పోతుంది. సొసైటీ గోడౌన్ ముందు యూరియా బస్తా కోసం తెల్లవారకముందే చెప్పులూ పాస్‌బుక్కుల జిరాక్సులూ వరుసలో పెట్టి, ఎండలో తలపాగా సర్దుకుంటూ నిలబడే రైతుకు, తన వంతు వచ్చి ఇంటికి మోసుకుపోయే బస్తాలో ఎంత భాగం సెకనుకు మూడు అణువులు కదిపే వారి జీతానికి పోతున్నదో తెలియదు. తెలియకపోవడమే మీకు మంచిది.

మందగమనం ఒక్కటే అయితే ఈ లేఖ రాసేవాణ్ని కాను. మీ మీద ఉన్న రెండో అభియోగం ఇంకా బరువైనది. రైబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ అనే అయిదు కార్బన్‌ల చక్కెరకు ఒక కార్బన్ డయాక్సైడ్‌ను జతచేసి, ఏర్పడిన ఆరు కార్బన్‌ల అణువును రెండుగా కోసి, మూడేసి కార్బన్‌ల ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లాన్ని ఇవ్వడం మీ పని. మేము తినే అన్నం, కట్టే నూలు, పొయ్యిలోని కట్టె, అన్నీ అక్కడి నుంచే. కానీ 25 డిగ్రీల వేడి దగ్గరే మీరు మూడు నాలుగు సార్లకు ఒకసారి కార్బన్ డయాక్సైడ్ అనుకొని ఆక్సిజన్‌ను తగిలిస్తారు. అప్పుడు పుట్టే ఫాస్ఫోగ్లైకొలేట్‌తో, పట్టిన కార్బన్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రానికి పని లేదు సరికదా, చేరితే హాని కూడా. దాన్ని చక్కదిద్దడానికి హరితరేణువు నుంచి పెరాక్సీసోమ్ అనే మరో కణ భాగానికి, అక్కడి నుంచి మైటోకాండ్రియాకు, మళ్లీ వెనక్కి ఫైలు తిరగాలి. ఈ తిరుగుడులో శక్తి ఖర్చవుతుంది, అమోనియా విడుదలై దాన్ని మళ్లీ పట్టుకోవలసి వస్తుంది, దారి మళ్లిన ప్రతి నాలుగు కార్బన్‌లలో ఒకటి కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది. దీనికి కాంతిశ్వాసక్రియ అనే గంభీరమైన పేరు పెట్టి పరీక్షలో నాలుగు మార్కులకు అడుగుతున్నాం. ఆ దారిలో పెరాక్సీసోమ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పోగవుతుంది; దాన్ని విరగ్గొట్టేది సెకనుకు కోటి దాకా అణువులను తేల్చివేయగల క్యాటలేజ్. వంశంలోని మహా వేగవంతుల్లో ఒకణ్ని మీలాంటి మందగామి వెనక ఊడ్చే పనికి పెట్టారంటే, ఆ బంధువు మీ గురించి ఏమనుకుంటున్నాడో నేను ఊహించగలను.

మూడోది చిన్న అభియోగం, అయినా నమోదు చేస్తున్నాను. మీరు పని మొదలుపెట్టడానికి ముందు మీలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒకదానికి ఒక కార్బన్ డయాక్సైడ్ అంటుకోవాలి, దాని మీద మెగ్నీషియం కూర్చోవాలి. ఈ లాంఛనాలు పూర్తికాకముందే చక్కెర అణువు వచ్చిందా, దాన్ని పట్టుకొని బిగుసుకుపోతారు. విడిపించడానికి రూబిస్కో యాక్టివేజ్ అనే ఇంకొక ఉద్యోగి, కణానికి శక్తి నాణెమైన ఏటీపీని ఖర్చు చేస్తూ రావాలి. 1985లో అతని ఉనికి బయటపడేదాకా మీరు సొంతంగానే మేలుకుంటారని లోకం నమ్మింది. చిక్కుడు, బంగాళాదుంప వంటి మొక్కలైతే రాత్రిపూట మీ క్రియాశీల స్థానంలో ఒక నిరోధకాన్ని పెట్టి తాళం వేస్తాయి. ఆ మొక్కల అనుభవం వాటిది.

ఇంత రాశాక మీ తరఫు వాదన కూడా రాయకపోతే న్యాయం కాదు. పైగా ఆ వాదనలోనే ఎంజైముల అసలు గుట్టు ఉంది. కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ రెండూ చిన్న అణువులు; పట్టుకోవడానికి పిడిలాంటి విద్యుదావేశం గాని పరమాణువుల గుంపు గాని దేనికీ లేదు. తాళానికి తాళంచెవి సరిపోయినట్టు అని 1894లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ చెప్పిన సూత్రం ఇక్కడ పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్‌కు ప్రత్యేకంగా మీ దగ్గర గూడే లేదు, అది సిద్ధంగా ఉన్న చక్కెర మీదకు నేరుగా వచ్చి కలుస్తుంది. కాబట్టి రెంటినీ వేరు చేయగల చోటు సంక్రమణ స్థితి ఒక్కటే. చర్య ఫలితాన్ని ఎంత ఎక్కువగా పోలిన సంక్రమణ స్థితిని మీరు ఇష్టపడితే, ఆక్సిజన్‌ను అంత బాగా దూరం పెట్టగలరు; కానీ అప్పుడు ఏర్పడే ఆరు కార్బన్‌ల అణువును అంత గట్టిగానే పట్టుకుంటారు, గట్టిగా పట్టుకున్నదాన్ని కోసి వదలడం ఆలస్యమవుతుంది. ఏ పట్టు మీ వంశానికి వేగాన్నిచ్చిందో ఆ పట్టే మిమ్మల్ని నెమ్మదింపజేసిందన్నమాట. 2006లో చెర్కెజ్, ఫార్కర్, ఆండ్రూస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ వాదం చేసి, మీరు చేయగలిగినంత దాదాపు చేస్తున్నారని తీర్మానించారు. ఈ రాజీ వారు చెప్పినంత బిగువైనది కాదని ఆ తరువాత కొందరు అభ్యంతరం చెప్పారు గాని, గాలిలో ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు దాదాపు 500 ఆక్సిజన్ అణువులున్న చోట కూర్చొని నాలుగింట మూడు వంతులు సరిగ్గా ఎంచడం చేతకానితనం కాదని నేనూ ఒప్పుకుంటున్నాను. మీరు ఉద్యోగంలో చేరిన నాటికి గాలిలో ఆక్సిజన్ లేనే లేదు. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట దాన్ని గాలిలో నింపినది ఎండతో ఆహారం చేసుకొనే సూక్ష్మజీవులైన సయనోబాక్టీరియాలు, అంటే మీరు పనిచేస్తున్న కణాలే. మీ ఇంటివారు చేసిన పనికి మీ కంట్లోనే నలుసు పడింది.

జొన్న ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు చూశారా? జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు మిమ్మల్ని సంస్కరించే ప్రయత్నాన్ని ప్రధానంగా పెట్టుకోలేదు. మీరు కూర్చొనే చోటు మార్చాయి. బయటి కణాల్లో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బొనేట్‌గా మారుస్తుంది, ఆక్సిజన్ వైపు కన్నెత్తి చూడని పెప్ కార్బాక్సిలేజ్ అనే మరో ఎంజైమ్ దాన్ని అందుకుంటుంది, ఆ సరుకు ఈనెల చుట్టూ తొడుగులా ఉన్న లోపలి కణాలకు చేరి అక్కడ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా విడుదలై మీ చుట్టూ కిక్కిరిసిపోతుంది. అక్కడ ఎంపిక చేసే శ్రమ మీకు తగ్గింది గనుక జొన్నలోని మీ తమ్ములు వరిలోని మీకంటే చురుకుగా ఉన్నారు, తక్కువ మందితో, తక్కువ నత్రజనితో సరిపెట్టుకుంటున్నారు. తెలంగాణ మెట్ట చేలలో ఎండకు ఓర్చి నిలిచే జొన్నను పేదల తిండి అని పక్కన పెట్టి, నిలువ నీటిలో యూరియా పోసి మిమ్మల్ని మేపుతున్న మా తెలివితేటల గురించి ఇక్కడ రాయను. లేఖ మీకు రాస్తున్నది.

శాస్త్రజ్ఞులు వరికి ఆ జొన్న ఏర్పాటును ఇవ్వాలని చాలా ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. మరికొందరు మిమ్మల్ని వదిలేసి మీ తప్పుల ఫైలు తిరిగే దారిని కుదించారు; 2019లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో అలాంటి అడ్డదారి పెట్టిన పొగాకు మొక్కలు పొలంలో 40 శాతానికి మించి ఎక్కువ బరువు పెరిగాయి. మీరు మారనక్కర లేకుండానే పని జరిగిందన్న ఈ వార్త మీకు అవమానంగా తోస్తుందో, ఊరటగా తోస్తుందో నాకు అంతుబట్టలేదు.

మా వంతు సాయం మేమూ చేస్తూనే ఉన్నాం. మీకు ముడిసరుకు చాలడం లేదని, పరిశ్రమల యుగానికి ముందు పది లక్షల పాళ్లలో 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గూ పెట్రోలూ కాల్చి 420 దాటించాం. దాంతో ఆక్సిజన్‌ను పట్టుకొనే పొరపాట్లు కొంత తగ్గవలసిందే. కానీ దానితోపాటే వచ్చిన వేడికి మీ పొరపాట్లు మళ్లీ పెరుగుతున్నాయి, మిమ్మల్ని విడిపించే యాక్టివేజ్ అయితే మీకంటే ముందే చేతులెత్తేస్తున్నాడు. దాళ్వా, అంటే రబీ వరి గింజ పాలు పోసుకొనే రోజుల్లో ఎండ ముదిరితే ఎలా నడుపుకొస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. వచ్చే దాళ్వా నాట్లు పడేలోగా జవాబు అందకపోతే జొన్న రొట్టెకు మారే విషయం మా ఇంట్లో చర్చకు పెడతాను.

ఇట్లు,
మీ ఉత్పత్తిని రోజుకు రెండు పూటలా తిని, మీ మీదే ఫిర్యాదు రాస్తున్న
ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు