సైట్ల వెంట కాదు, డబ్బు వెంట పడండి

2015లో కేంద్రం 857 పోర్న్ సైట్లు బ్లాక్ చేయమంది, గొడవ అయ్యేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పిందని మళ్లీ 827 సైట్లు ఆపారు. 2024 మార్చిలో 18 ఓటీటీలు, 2025 జులైలో ఇంకో 25. ప్రతిసారీ టీవీలో రెండ్రోజులు చర్చ, ఆ తర్వాత అదే సైటు పేరు కాస్త మార్చుకుని వచ్చేస్తుంది, లేదంటే జనం బ్లాక్‌ని దాటేసే వీపీఎన్ యాప్ వేసుకుంటారు, అమీర్‌పేట హాస్టల్లో ఏ పిల్లాడిని అడిగినా ఈ సంగతి చెప్తాడు.

ఈలోగా బిజినెస్సే మారిపోయింది. స్టూడియోలు, సీడీల కాలం ఎప్పుడో పోయింది. 2016లో లండన్లో మొదలైన ఓన్లీఫ్యాన్స్ లాంటి వాటిలో ఎవరి వీడియోలు వాళ్లే పెట్టుకుని నెలనెలా చందా తీసుకుంటారు, కంపెనీ 20 శాతం ఉంచుకుంటుంది. ఇప్పుడు ఏఐ వచ్చాక ఆ మనిషి కూడా అక్కర్లేదు, నకిలీ వీడియోకి ఎవరిదో ఒక ఫొటో చాలు, అది చెల్లెలి పెళ్లిలో చీర కట్టుకుని దిగి ఇన్‌స్టాలో పెట్టింది అయినా సరే.

మా భయమంతా ఇక్కడే. 2023 నవంబర్లో రష్మిక మందన్న ముఖం వేరే అమ్మాయి వీడియోకి అతికించి తిప్పినప్పుడు దేశమంతా మాట్లాడింది, ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కుర్రాడు మన గుంటూరు వైపు వాడే, ఎందుకు చేశావంటే ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని అన్నాడట. హీరోయిన్ కాబట్టి కేసు అంతదాకా వెళ్లింది. డిగ్రీ చదివే అమ్మాయికో, షాపింగ్ మాల్లో సేల్స్‌లో చేసే అమ్మాయికో జరిగితే ఇంట్లో చెప్పడానికే నోరు రాదు, పైగా మన తెలుగు యూట్యూబ్ ఛానళ్లు కొన్ని "లీక్డ్ వీడియో" అని థంబ్‌నెయిల్ పెట్టి ఆ పిల్ల ముఖం చుట్టూ ఎర్ర గుండ్రం గీసి వ్యూస్ ఏరుకుంటాయి. ఇది కూడా అదే దందా, మాకైతే తేడా కనిపించట్లేదు.

2025 జూన్లో మన హైదరాబాద్‌లోనే ఒక జంటని పోలీసులు అరెస్ట్ చేశారు, డబ్బు కష్టాల్లో ఉండి యాప్‌లో లైవ్ ఇస్తున్నారని. చట్టం ఉంది, ఐటీ యాక్ట్ 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా, కేసు పెట్టొద్దని మేము అనట్లేదు. కానీ ఇలాంటి కేసుల్లో దొరికేది ఎప్పుడూ కెమెరా ముందున్నవాళ్లే. యాప్ నడిపి కమిషన్ తిన్నవాడు ఎక్కడ, ఆ డబ్బు ఏ ఖాతాలోకి పోయింది, అంతవరకు ఎన్ని కేసులు వెళ్తున్నాయి?

డబ్బు ఆపితే ఏమవుతుందో 2020 డిసెంబర్లో ప్రపంచం చూసింది. పోర్న్‌హబ్‌లో మైనర్ల వీడియోలు, ఒప్పుకోని వాళ్ల వీడియోలు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ రాసింది, కార్డు కంపెనీలు వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైటుకి చెల్లింపులు ఆపేశాయి, అంతే, ఏళ్ల తరబడి బాధితులు మొత్తుకున్నా కదలని కంపెనీ రోజుల్లో లక్షల కొద్దీ వీడియోలు తీసేసింది. తర్వాత 2021లో మాస్టర్‌కార్డ్ రూల్ పెట్టింది, వీడియోలో ఉన్న ప్రతి మనిషి వయసు, గుర్తింపు, ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి, ఫిర్యాదు వస్తే 7 పనిదినాల్లో తేల్చాలి. మన దగ్గర చిన్న చిన్న డబ్బులన్నీ తిరిగేది యూపీఐలో. రిజర్వ్ బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ కూర్చుని ఇలాంటి యాప్‌లకి డబ్బు పడే మర్చంట్ ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయో తవ్వాలి, ఫొటోలో బట్టలు తీసేస్తామని డబ్బులు అడిగే యాప్‌లకైతే ఒక్క రూపాయి కూడా చేరకూడదు.

వయసు చెకింగ్ సంగతి. బ్రిటన్లో 2025 జులై నుంచి తప్పనిసరి, అమెరికా సుప్రీంకోర్టు కూడా వయసు చెక్ చేయాలన్న టెక్సాస్ చట్టం సరే అంది. పిల్లల్ని దూరం పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అలాంటి సైట్లకి ఆధార్ ఇవ్వండి అనే పద్ధతి మాత్రం ఇక్కడ వద్దు, ఆ లిస్టు ఒకసారి బయటికొస్తే దాన్ని పట్టుకుని బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లు రెడీగా ఉంటారు.

ఇక బాధితుల విషయం. ఇలాంటి ఫొటోలపై ఫిర్యాదు వస్తే 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ రూల్స్‌లోనే పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకి తగ్గించారు. కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కంప్లయింట్ ఇచ్చే వీలుంది, స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటైతే ఫొటో మన ఫోన్ దాటకుండానే దానికో డిజిటల్ గుర్తు తయారుచేసి ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి వాటికి పంపుతుంది, ఆ గుర్తుతో అవి ఆ ఫొటోని పట్టి ఆపుతాయి. ఇవి ఉన్నాయని ఎంతమంది అమ్మాయిలకి తెలుసు? షీ టీమ్స్ కాలేజీలకి వెళ్లినప్పుడు ఇది ఫోన్లోనే చేసి చూపించాలి. స్టేషన్లలో "అసలు ఫొటో ఎందుకు పంపావమ్మా" అనే ప్రశ్న ఆపేయాలి, మా ఏరియా కాదని తిప్పి పంపకుండా జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని, ఆ వీడియో ఉన్న కంపెనీకి అదే రోజు నోటీసు పంపాలి.