మందు ఒకరిది, పేరు ఇంకొకరిది

మలేరియా, డెంగీ లాంటి జ్వరాల వైద్యంలో ఇన్నాళ్లూ ఒక పెద్ద లోపం ఉండిపోయింది. జ్వరం తగ్గితే ఆ పేరు ఏ మందుకు రావాలో ఎవరూ తేల్చలేదు. హోమియోనూ ఇంగ్లీషు మందునూ కలిపి వాడే పద్ధతి ఆ లోటు తీర్చింది. తగ్గితే హోమియో గొప్ప, తగ్గకపోతే ఇంగ్లీషు మందు తప్పు. మధ్యలో కడుపులో తిప్పినా, నోరు చేదెక్కినా అదీ ఇంగ్లీషు మందు ఖాతాలోకే. ఇంత స్పష్టమైన పని విభజన మన ప్రభుత్వ శాఖల మధ్య కూడా లేదు.

మలేరియాతో హోమియో బంధుత్వం పాతదే. 1790లో హోమియోను పుట్టించిన జర్మన్ వైద్యుడు హానెమన్ ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే సింకోనా బెరడు తిని చూశాడు. చలిజ్వరం లక్షణాలే వచ్చాయన్నాడు, దాంతో ఏ లక్షణాలు పుట్టిస్తుందో ఆ జబ్బుకే అది మందన్న సిద్ధాంతం పుట్టింది. 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అదే బెరడులోంచి మలేరియా మందు క్వినైన్ తీశారు. అంటే అందులో నిజంగానే సరుకుంది. ఆ సరుకును నూరో వంతు చొప్పున 30 సార్లు పలచన చేస్తే 30సీ పొటెన్సీ. 12 సార్లు దాటేసరికే అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలే ఆశ దాదాపు ఉండదు. అయితేనేం, క్రిమికి భయం ఉంటే చాలదా?

ఈ మహాశక్తికి శత్రువు ఒక్కటే, కాఫీ. మలేరియా క్రిమి ప్లాస్మోడియంను తరిమికొట్టే గోళీ అర గ్లాసు కాఫీకి ఓడిపోతుంది. పచ్చి ఉల్లిపాయ తిన్నా అంతే. చేత్తో ముట్టుకోకూడదు, సీసా మూతలోంచి నేరుగా నాలుక మీదికి ఒంపుకోవాలి. ఈ షరతులన్నీ మొదటి రోజే చెప్పడంలో ఎంతో ముందుచూపు ఉంది. రేపు జ్వరం దిగకపోతే "కాఫీ తాగారా?" అని అడగొచ్చు. తాగలేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పే తెలుగువాడు దొరకడం కష్టం.

డెంగీలో పని ఇంకా తేలిక. పడిపోయిన ప్లేట్‌లెట్లు చాలామందికి వారం దాటాక వాటంతటవే పెరుగుతాయి. ఆ వేళకు గోళీ నోట్లో ఉంటే సరి. ఈమధ్య బొప్పాయి ఆకు రసం కూడా వాటా అడుగుతోంది. ఆ తగాదా పెద్దమనుషుల్లో తేల్చుకోవాలి.

1999లో మెదడువాపు వచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్కారే పిల్లలకు బెల్లడొన్నా అనే హోమియో మందు పంచింది. దోమల మందు కొట్టడం, పందులను ఊరి బయటికి తోలడం కూడా జరిగాయి గాని, అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే పేరు అల్లుడికే కదా.

మలేరియాకు, క్షయకు హోమియోను నమ్ముకోవద్దని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అది ఒంటరి హోమియోకు, మనది కాంబినేషన్.

వైవాక్స్ అనే రకం మలేరియా ఒక్కటే ఈ ఏర్పాటుకు లొంగడం లేదు. ఇంగ్లీషు మందు క్లోరోక్విన్‌తో మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. గోళీలే దింపాయని నమ్మినవాడు లివర్లో దాక్కున్న క్రిమిని చంపే 14 రోజుల ప్రైమాక్విన్‌ను నాలుగో రోజే పక్కన పడేస్తాడు. లివర్లో నిద్రపోతున్న క్రిమి కొన్ని వారాలకో నెలలకో లేచి మళ్లీ చలి పుట్టిస్తుంది. టెన్షన్ అక్కర్లేదు. కేస్ షీట్లో "కాఫీ తాగాడు" అని రాసుకుంటే సరిపోతుంది.