‘ఇది కూడా చూడండి’ అన్నంత మాత్రాన చూపించాలా?

ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చిన ప్రతి లింకూ తెరుచుకోవాలనీ, తెరుచుకున్నది చెప్పిన చోటే కావాలనీ, ఆ చోట చెప్పిన విషయమే ఉండాలనీ పట్టుబట్టే వర్గం ఒకటి ఈమధ్య బలం పుంజుకుంటోంది. ఈ మూడు కోరికలూ విడివిడిగా చూస్తే న్యాయమైనవిగానే కనిపిస్తాయి. కలిపి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. వందలాది మంది స్వచ్ఛందంగా, ఎవరికి తీరికైనప్పుడు వారు, ఎవరికి తోచినట్టు వారు రాసుకుంటూ వచ్చిన ఒక గొప్ప సంప్రదాయాన్ని ఈ వర్గం లెక్క అడుగుతోంది. అడిగినవారికి సమాధానం చెప్పవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి కాబట్టి, మరెవరూ ముందుకు రానందున, నేను తీసుకుంటున్నాను.

ముందుగా పెద్దల ఆచారం ఏమిటో చూద్దాం. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ ఏడు విభాగాలుగా ఉండేది. ఆ వరసలోనే వచ్చిన నేటి మ్యాన్ పేజీలలో, అంటే కంప్యూటర్లోనే తెరిచి చదివే మాన్యువల్ పేజీలలో, ప్రింట్‌ఎఫ్ అనే కమాండు ఒకటో విభాగంలోనూ, అదే పేరున్న సి భాషా ఫంక్షను మూడో విభాగంలోనూ ఉంటాయి. అందుకే పేరు పక్కన బ్రాకెట్లలో విభాగం అంకె వేస్తారు, పేజీ చివర ‘ఇది కూడా చూడండి’ అని నాలుగు పేర్లు వరసగా రాస్తారు. ఆ పేర్లు మూలంలో చాలాచోట్ల లావుపాటి అక్షరాలే తప్ప లింకులు కావు. ఆ అంకె నిజమో కాదో, ఆ పేజీ అసలు ఉందో లేదో రాసేటప్పుడు మామూలుగా ఏ యంత్రమూ అడగదు. అంకె వేయడం మర్చిపోయి ప్రింట్‌ఎఫ్ పేజీని పిలిచినవాడికి మొదట కమాండు పేజీ వస్తుంది. సి నేర్చుకుందామని వచ్చినవాడు కమాండ్లు రాసే షెల్ నేర్చుకుని వెళతాడు. జ్ఞానం పెరిగిందే గాని తరగలేదు కదా.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ఈ విద్యను మరింత ముందుకు తీసుకెళ్లింది. దాని ప్రోగ్రాములు చాలావాటి మ్యాన్ పేజీ చివర, పూర్తి వివరాలు టెక్స్‌ఇన్ఫో అనే పద్ధతిలో రాసిన మాన్యువల్‌లో ఉన్నాయనీ, దాన్ని చూపించే ఇన్ఫో అనే ప్రోగ్రామూ ఈ ప్రోగ్రామూ మీ దగ్గర సక్రమంగా ఇన్‌స్టాల్ అయి ఉన్నట్లయితే ఫలానా కమాండుతో అది తెరుచుకోవాలనీ ఉంటుంది. ఈ ‘సక్రమంగా’ అన్న షరతులో ఉన్న ముందుచూపును గమనించాలి. లింకు పనిచేయకపోతే తప్పు లింకుది కాదు, పాఠకుడి ఇన్‌స్టలేషనుది. పాఠకుడు ఆ కమాండు ఇస్తాడు. ఆ మాన్యువల్ అతని కంప్యూటర్లో లేకపోతే ఇన్ఫో ప్రోగ్రాము చేతులెత్తేయదు, అదే పేరుతో ఉన్న మ్యాన్ పేజీని వెతికి తెచ్చి చూపిస్తుంది. పాఠకుడు బయల్దేరిన పేజీకే క్షేమంగా తిరిగి చేరుకుంటాడు. ఏ లింకూ తెగలేదు, ఏ దోషమూ నమోదు కాలేదు.

దీనితో పోలిస్తే, పత్రాలను అచ్చుకు సిద్ధం చేసే లేటెక్ ప్రవర్తన మొరటుగా ఉంటుంది. లింకు చూపవలసిన చోటికి పెట్టిన పేరు, అంటే లేబుల్, దొరకకపోతే అది అచ్చులో రెండు ప్రశ్నార్థకాలు లావుగా వేసి ఊరుకుంటుంది. ఒకసారి నడిపితే లేబుళ్లన్నీ రాసుకుంటుంది, రెండోసారి నడిపితేనే వాటిని చదివి అంకెలు నింపుతుంది, నడుమ ఏదైనా మారితే మళ్లీ నడపమని చెబుతుంది. సభ్యతగల ఏ పనిముట్టయినా రచయిత తప్పును ఇలా పాఠకుడి ముందు బట్టబయలు చేస్తుందా?

ఈ లోపాన్ని తర్వాతి తరం కొంతవరకు సవరించింది. పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం పుట్టి 2008లో విడుదలైన స్ఫింక్స్ అనే పనిముట్టులో ఒక ఫంక్షను పేరును లింకుగా రాశారనుకోండి. ఆ ఫంక్షనును ఎవరో తీసేశారు, లేదా పేరు మార్చారు. స్ఫింక్స్ మామూలుగా ఏమీ మాట్లాడదు, ఆ పేరును కోడ్ అక్షరాల్లో అందంగా వేసి, లింకు మాత్రం మౌనంగా తీసేస్తుంది. చూసేవారికి అది లింకు పెట్టాలని ఎవరూ అనుకోని మామూలు పదంలాగే ఉంటుంది. ఇంతటి సంస్కారం ఉన్న పనిముట్టుకు కూడా ‘నిట్‌పికీ’ అని ఒక అమరిక పెట్టారు. దాన్ని ఆన్ చేస్తే దొరకని ప్రతి పేరు గురించీ ఫిర్యాదు చేస్తుంది. దానికి తోడు హెచ్చరికలన్నిటినీ దోషాలుగా లెక్కించమనే అమరిక ఇంకొకటుంది. రెండూ కలిపితే బిల్డే, అంటే పేజీల తయారీయే, విఫలమవుతుంది. తమ పనిముట్టులోనే దీనికి ‘ఈకలు పీకే’ అని అర్థమొచ్చే పేరు పెట్టుకున్నవారికి మన బాధ కొంత తెలిసే ఉండాలి.

అయినా ఇవన్నీ పాతకాలపు సమస్యలు. నేటి డాక్యుమెంటేషన్‌లో పెద్ద భాగం మార్క్‌డౌన్ అనే తేలికపాటి రాత పద్ధతిలో ఉంది. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో శీర్షికలకు యాంకర్లు, అంటే పేజీలోని ఫలానా చోటికి లింకు ఇవ్వడానికి పనికొచ్చే పేర్లు, లేవు. దాన్ని ప్రామాణికం చేయడానికి తర్వాత వచ్చిన కామన్‌మార్క్ నిర్దేశంలోనూ లేవు. అందువల్ల శీర్షిక మాటలనే చిన్నక్షరాలుగా మార్చి, ఖాళీల్లో గీతలు పెట్టి, యాంకర్‌ను ఏ పనిముట్టుకు ఆ పనిముట్టు తయారుచేసుకుంటుంది. తయారీ పద్ధతి అన్నిటిదీ ఒకటి కాదు. శీర్షికలో ఒక అక్షరదోషం దిద్దారంటే యాంకర్ మారిపోతుంది, దానికి వచ్చే లింకులన్నీ గాలిలో నిలబడతాయి. అక్షరదోషాలను దిద్దకుండా వదిలేయడం సోమరితనం కాదనీ, అది వెనుకటి లింకులతో పొంతన కాపాడే విధానమనీ ఇకనైనా అందరూ గ్రహించాలి.

ఇంకా సూక్ష్మమైన ఏర్పాటు ఒకటుంది. ఒకే పేజీలో ‘ఉదాహరణ’ అనే శీర్షిక మూడుసార్లు వస్తే, కోడ్‌ను ఉంచుకునే గిట్‌హబ్ వంటి చోట్ల మొదటిదానికి ఉత్త పేరు, రెండోదానికి చివర 1, మూడోదానికి చివర 2 చేరుతాయి. డేటాబేస్ బ్యాకప్ గురించిన మూడో ఉదాహరణకు వేరే పేజీలో ఎవరో లింకు ఇచ్చారు, చివర 2 పెట్టి. కొన్నాళ్లకు డేటాబేస్‌ను పూర్తిగా తుడిచేయడం గురించి ఇంకొకరు కొత్త ఉదాహరణ రాసి, బ్యాకప్ ఉదాహరణకు సరిగ్గా ముందు చేర్చారు. ఇప్పుడు 2 అంటే తుడిచేసే ఉదాహరణ, బ్యాకప్ 3 అయింది. పాత లింకు తెగలేదు, చక్కగా తెరుచుకుంటుంది. లింకులు తనిఖీ చేసే ప్రోగ్రాము దాన్ని చూసి పచ్చ గుర్తు వేస్తుంది. ‘అప్‌గ్రేడ్ చేసే ముందు ఈ ఉదాహరణలో ఉన్నట్టు చేయండి’ అన్న వాక్యాన్ని నమ్మి, పాఠకుడు అక్కడ ఉన్నట్టే చేస్తాడు. పొంతన, పొంతన అని గొంతు చించుకునేవారు ఈ లింకును పట్టుకుని చూపించమనండి. పనిచేసే లింకును పట్టుకునే తనిఖీ వారి దగ్గర లేదు. ప్రతి శీర్షికకు చేత్తో ఒక స్థిరమైన ఐడీ రాయడం ఒక్కటే దారి. అది మూల మార్క్‌డౌన్‌లో లేని సదుపాయం. చాలా పనిముట్లు తమ సొంత సౌకర్యంగా ఇస్తున్నా, రాయాలని ఎవరికీ గుర్తుండదు.

యాంకర్ అసలే లేకుండా పోయినప్పటి పరిస్థితి ఇంకా నాగరికమైనది. చిరునామాలో హ్యాష్ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజరు సర్వరుకు పంపనే పంపదు. పేజీ ఉంది కాబట్టి సర్వరు సంతోషంగా పేజీ ఇస్తుంది. బ్రౌజరు ఆ యాంకర్ కోసం పేజీలో వెతికి, దొరకక, ఎవరికీ ఏమీ చెప్పకుండా పేజీ మొదట్లో నిలబడుతుంది. పాఠకుడి ముందు ప్రాజెక్టు లోగో, స్వాగత వాక్యం, ఇన్‌స్టలేషన్ సూచనలు ఉంటాయి. అతనికి కావలసినది సర్టిఫికెట్ గడువు ముగిసినప్పుడు ఏం చేయాలన్న ఒక్క పేరా. అతను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరుపుతాడు, పేజీలో మాట వెతుకుతాడు, ఆ పేరా ఏడాది క్రితమే వేరే పేజీకి తరలిపోయిందని తెలియక తన కళ్లను అనుమానిస్తాడు. సర్వరు లాగ్‌లో ‘పేజీ లేదు’ అనే 404 సంకేతం నమోదు కాదు. ప్రాజెక్టు బాగోగులు చూసుకునే మెయింటైనరు ముందుండే ఏ పట్టికలోనూ ఈ మనిషి లేడు. నాకు తెలిసి, ఏ ఫిర్యాదూ రాకుండా పనిచేసే వ్యవస్థ ఇంతకు మించి మరొకటి లేదు.

ఇక శ్రమ విభజన సంగతి. ఒక అధ్యాయం పేరు మార్చినవాడు దానికి లింకు ఇచ్చిన పేజీలన్నిటినీ వెతికి సరిచేయాలంటే అరగంట పట్టవచ్చు. వదిలేస్తే, రాబోయే సంవత్సరాలలో ఆ పేజీలకు వచ్చే ప్రతి పాఠకుడికీ తలా ఐదు నిమిషాలు పడుతుంది. అరగంట శ్రమను ఒక్కడి నెత్తిన మోపడం కంటే, ఐదేసి నిమిషాల చొప్పున సమాజమంతటికీ పంచడమే సమష్టి కృషి స్ఫూర్తికి దగ్గరగా ఉంటుందని వేరే చెప్పాలా? పైగా తెగిన లింకులే కొత్తవారికి ప్రవేశద్వారం. ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (మొదటి పనికి అనువైనది) అని గుర్తు పెట్టి వారి కోసం దాచి ఉంచేవాటిలో ఇవే మెత్తనివి. లింకులన్నీ బాగుంటే పాపం కొత్తవాళ్లు దేనితో మొదలుపెడతారు?

అలా మొదలుపెట్టిన ఒక కొత్తవాడు ఒకే ఒక్క వరస మార్చి పుల్ రిక్వెస్ట్, అంటే ఆ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన, పంపాడనుకోండి. ముందు ఒక బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాము) వచ్చి ఒప్పందంపై సంతకం అడుగుతుంది. తర్వాత ఒక సమీక్షకుడు వచ్చి మార్పుకు జతచేసే కమిట్ సందేశం మొదటి వరస పొడవైందంటాడు. ఇంకొకరు, లింకు దిద్దడం కన్నా ఆ విభాగం మొత్తం తిరగరాయడం మేలంటారు. మూడో ఆయన, ఎలాగూ డాక్యుమెంటేషన్‌ను కొత్త పనిముట్టుకు మార్చబోతున్నాం కనుక అప్పుడే అన్నీ ఒకేసారి చూసుకుందామంటాడు. ఎవరి మాటా తప్పు కాదు. ఇంతలో ఆ లింకు చూపవలసిన పేజీని ఎవరో తొలగిస్తారు. కదలిక లేదన్న కారణంతో వేరొక బాట్ వచ్చి రిక్వెస్ట్‌ను మూసేస్తుంది. కొత్తవాడికి ప్రాజెక్టు పరిపాలన గురించి సమగ్రమైన అవగాహన కలుగుతుంది. ఏ డాక్యుమెంటేషనూ ఆ విషయాన్ని అంత బాగా చెప్పలేదు.

లింకు బాగున్నా విషయం కలవకపోవడం గురించి కూడా కొందరు గొణుగుతారు. నిరీక్షణ గడువు (టైమౌట్) 30 సెకన్లనీ, వివరాలకు అమరికల పేజీ చూడమనీ ఒక పేజీ అంటుంది. ఆ గడువు 60 సెకన్లనీ, కారణాలకు మొదటి పేజీ చూడమనీ అమరికల పేజీ అంటుంది. రెండూ ఒకదాన్నొకటి ప్రమాణంగా చూపించుకుంటాయి. కోడ్ తెరిచి చూస్తే 45 ఉంటుంది. దీన్ని వైరుధ్యం అనడం తొందరపాటు, మూడు ఆధారాల్లోంచి ఎంచుకునే స్వేచ్ఛ అనడం సబబు. ఆ అంకెను ఒక్కచోటే రాసి మిగతా పేజీలు అక్కడినుంచే తెచ్చుకునేలా చేయడం ఎప్పటినుంచో సాధ్యమే. అలా చేస్తే పాఠకుడికి కోడ్ చదివే అవసరమే రాదు, కోడ్ చదవని పాఠకుడు ఓపెన్‌సోర్స్‌కు ఎందుకు?

వెబ్ చిరునామాలు వాటంతటవే మారవనీ, మనుషులే వాటిని మారుస్తారనీ వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. ఇది నిందగా రాసి ఉంటారని కొందరి అభిప్రాయం, నేను దాన్ని అధికార పత్రంగా చదువుకుంటాను. పేజీ శాశ్వతంగా తొలగిపోయిందని ఒప్పుకోవడానికి, వెబ్ నడిచే హెచ్‌టీటీపీ నియమావళిలో 410 అనే సంకేతం ప్రత్యేకంగా ఉంది, పేజీ చోటు మారితే దారి మళ్లించడానికి 301 ఉంది. మళ్లింపుల జాబితా నడపడం చేతకానిదేమీ కాదు, ఒక ఫైలులో ఒక వరస చేర్చడమే. కానీ ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే పేజీకి ఎవరైనా లింకు ఇవ్వాలి.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ వంటి పెద్ద ప్రాజెక్టు కూడా ఈ ఒత్తిడికి లొంగిపోవడం విచారకరం. 2016లో 4.8 వెర్షనుతో అది స్ఫింక్స్‌కు మళ్లడం మొదలుపెట్టింది. టెక్స్ట్ ఫైళ్ల పేర్లు క్రమంగా మారుతూ వచ్చాయి, కోడ్‌లోని వ్యాఖ్యలు మాత్రం పాత పేర్లను తలుచుకుంటూ ఉండిపోయాయి. ఆ జ్ఞాపకాలను గౌరవించవలసింది పోయి, లేని డాక్యుమెంటేషన్ ఫైళ్ల పేర్లు ప్రాజెక్టు ఫైళ్లన్నిటిలో వెతికి పట్టుకునే స్క్రిప్టు ఒకటి రాసి, కోడ్ ఉండే రిపోజిటరీలోనే పెట్టారు. దిద్దుబాటును ప్రయత్నించే అమరిక కూడా దానికుంది. అడ్డదారి ఇంత సులువని తెలిస్తే తక్కినవారు ఏ మొహం పెట్టుకుని ‘మాకు మనుషులు చాలరు’ అంటారు?

కాలం ఎదురుతిరిగింది గనుక పూర్తిగా మొండికేయడం కుదరదు. తనిఖీని ప్రవేశపెట్టక తప్పదంటే, కొన్ని రక్షణలతో ఒప్పుకుందాం. అంతర్గత లింకులను ప్రతి పుల్ రిక్వెస్ట్‌లోనూ చూడవచ్చు గాని, అది విఫలమైనా బిల్డు ముందుకు సాగాలి. బయటి లింకులను వారానికోసారి, అర్ధరాత్రి దాటాక చూడాలి. తెగినట్టు తేలిన ప్రతి చిరునామానూ వెంటనే మినహాయింపుల జాబితాలో చేర్చాలి, ఎందుకంటే అదే తప్పును రెండోసారి చెప్పడం మర్యాద కాదు. యాంకర్లను చూడకూడదు. నివేదిక మాత్రం పూర్తిగా, పేజీ పేరుతోనూ వరస సంఖ్యతోనూ తయారవ్వాలి, తయారైనదాన్ని ఆ తనిఖీని మొదట ఏర్పాటు చేసినవారి ఈమెయిలుకు క్రమం తప్పకుండా పంపాలి. ఆయన ఈ ప్రాజెక్టు వదిలి వెళ్లి చాలా కాలమైంది, ఇప్పటివరకు అభ్యంతరమేమీ చెప్పలేదు.