కీసరను ఎవరడిగారు?

గుట్ట మీది రామలింగేశ్వరుడు ఉన్నచోటే ఉన్నాడు గానీ, గుట్ట కింద హైదరాబాద్ శివారులో ఉన్న కీసర మాత్రం 15 నెలల్లో రెండుసార్లు చేతులు మారింది. 2024 సెప్టెంబరు దాకా అది గ్రామ పంచాయతీ. ఆర్డినెన్స్ ఒకటి వచ్చి దమ్మాయిగూడ మున్సిపాలిటీలో కలిపింది. 2025 డిసెంబరులో ఆ మున్సిపాలిటీయే వెళ్లి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో (జీహెచ్ఎంసీ) కలిసిపోయింది. ఇంటి పన్ను కట్టే మనిషికి మొదట పంచాయతీ రసీదు, తర్వాత మున్సిపాలిటీ రసీదు, ఆపైన కార్పొరేషన్ రసీదు. 'మీకిది ఇష్టమేనా' అని మాత్రం ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు.

ఊరి తరఫున సర్పంచ్ మాట్లాడి ఉంటాడు అనుకుంటే పొరపాటు. సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు వాటిలో ఉన్నది ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులే. పోనీ మున్సిపల్ కౌన్సిలర్లు? వాళ్ల పదవీకాలం 2025 జనవరి ఆఖరుకు అయిపోయింది. కాబట్టి 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపే వేళకు ఆ కుర్చీల్లోనూ అధికారులే. కలుపుకునేవాళ్లకు అప్పటికి 2020లో ఎన్నికైన కార్పొరేటర్లుండేవారు. కలిసేవాళ్లకు ఒక్కరూ లేరు. పెళ్లికూతురి వైపు మనిషే లేకుండా తాంబూలాలు పుచ్చుకోవడమంటే ఇదే.

విలీనమే తప్పని మేమనడం లేదు. వాన పడితే నాలా నీళ్లు మున్సిపాలిటీ హద్దు చూసుకుని ఆగవు. మణికొండలో ఉండేవాళ్లూ, పక్కన గచ్చిబౌలిలో ఉండేవాళ్లూ ఒకే రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నారు. 2 వేల చదరపు కిలోమీటర్ల నగరానికి ఒకే సంస్థ ఉండాలా, ఇంకెన్ని ఉండాలి అన్నది నిజంగా చర్చించదగ్గ ప్రశ్న. ఆ చర్చ జనం మధ్య జరగలేదన్నదే మా అభ్యంతరం. ఒక్కటిగా ఉంచినా, ముక్కలు చేసినా నిర్ణయం సచివాలయంలోనే పుట్టి అక్కడే పెరిగి పెద్దదవుతోంది. ఎజెండాలో లేని అంశాన్ని అప్పటికప్పుడు టేబుల్ ఐటెమ్‌గా పెట్టి చేతులెత్తించే అలవాటు మన కౌన్సిళ్లకు ఎలాగూ ఉంది.

వార్డుల విభజన సంగతి ఇంకా విచిత్రం. జీహెచ్ఎంసీలోని 150 వార్డులను 300 చేస్తూ 2025 డిసెంబరులో ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు వారం గడువు పెట్టారు. ఏమని అభ్యంతరం చెప్పాలి? ఫలానా జంక్షన్ నుంచి ఫలానా నాలా దాకా, అక్కడి నుంచి ఫలానా కాలనీ ప్రహరీ దాకా అని మాటల్లో రాసిన హద్దులు చదివి, తన ఇల్లు ఏ వార్డులో పడిందో చెప్పగల మనిషి సర్వే శాఖలో తప్ప ఎక్కడుంటాడు? కొందరు హైకోర్టు దాకా వెళితే గానీ, వార్డులవారీ జనాభా లెక్కలు, మ్యాపులు బయటపెట్టమన్న ఆదేశం రాలేదు. గడువు మరో రెండు రోజులు పెరిగింది కూడా కోర్టు చలవే. మ్యాపు చూపించడానికి కోర్టు చెప్పాలా? సమాచార హక్కు చట్టం వచ్చి 20 ఏళ్లు దాటింది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ఎవరూ అడగకముందే ప్రచురించాలని అందులోని 4వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వడం తర్వాతి మాట.

ఇక్కడ వార్డుల గొడవ నడుస్తున్న రోజుల్లోనే, డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మిగతా ఊళ్లు సర్పంచులను ఎన్నుకుంటుంటే విలీనమైన కీసర, పెద్దగోల్కొండ లాంటివి చూస్తూ కూర్చున్నాయి.

న్యూయార్క్‌లో ఇదే పని ఎలా చేస్తారో చూద్దాం. ఆ నగరానికి చార్టర్ అని ఒక మూల చట్టం ఉంది. మేయర్ అధికారాలు, ఎన్నికల ఏర్పాట్ల లాంటి పెద్ద మార్పులు అందులో చేయాలంటే బ్యాలెట్ మీద ప్రశ్నగా పెట్టాల్సిందే. 2025 నవంబరులో మేయర్ ఎన్నికతో పాటే నగర చార్టర్‌కు సంబంధించిన ఐదు ప్రశ్నలను ఓటర్ల ముందు పెట్టారు. నాలుగింటికి సరే అన్నారు. నగర ఎన్నికలను అధ్యక్ష ఎన్నికల ఏడాదికి జరపాలన్న ఐదోదాన్ని తిరగ్గొట్టారు. నెగ్గిన నాలుగింటిలో ఒకటి ఏమిటో తెలుసా? నగరం అధికారిక మ్యాపులన్నీ కలిపి ఒకే డిజిటల్ మ్యాపు చేయాలన్నది. అక్కడ మ్యాపు కోసం ఓటు, ఇక్కడ మ్యాపు కోసం హైకోర్టులో రిట్!

అక్కడా అంతా సవ్యమేం కాదు. ప్రశ్న రాసే కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి. 2024లో చార్టర్ సవరణకని మేయర్ వేసిన కమిషన్ తన ప్రశ్నలతో బ్యాలెట్ నింపేసి, సిటీ కౌన్సిల్ పెట్టబోయిన ప్రశ్నను పక్కకు నెట్టింది. మరుసటి ఏడాది ఇళ్ల నిర్మాణం మీద పెట్టిన ప్రశ్నల్లో తమ అధికారానికి కోత పడుతుందన్న సంగతి దాచారని కౌన్సిల్ గొడవ చేసింది. అయినా ఆ గొడవంతా ఓటర్ల ఎదుటే జరిగింది, తీర్పూ వాళ్లే ఇచ్చారు.

అమెరికా దాకా పోనక్కర్లేదు. మహారాష్ట్రలో కలవాలా వద్దా అని 1967 జనవరిలో గోవా ప్రజలను ఓటు ద్వారా అడిగితే వద్దన్నారు, కలపలేదు. అమరావతిలో 2022 జనవరిలో 19 గ్రామాలతో కార్పొరేషన్ చేస్తామంటే గ్రామ సభల్లో జనం కుదరదన్నారు. సెప్టెంబరులో 22 గ్రామాలతో మున్సిపాలిటీ అంటే మళ్లీ కాదన్నారు. ఆ రెండూ కాగితం మీదే ఆగిపోయాయి. చెట్టు కింద కుర్చీలు వేసి, చేతులెత్తించి అడిగిన ఆ సభలకున్న పాటి విలువ హైదరాబాద్ ఓటరుకు లేదు. 3 లక్షల జనాభా దాటిన ఏ నగరంలోనైనా వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ చెబుతోంది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మీ వీధిలో ఎవరినైనా అడిగి చూడండి. అదెక్కడుందని ఎదురడుగుతారు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పనేం కాదు. నగర హద్దు, వార్డుల సంఖ్య, ఒక ఊరి హోదా మార్చాలంటే ముందుగా మ్యాపు, జనాభా లెక్క, పన్ను ఎంత మారుతుందన్న పట్టిక తెలుగు, ఉర్దూల్లో వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. 60 రోజులైనా గడువివ్వాలి. పాలకమండలి లేని చోట ప్రత్యేకాధికారి సంతకంతో విలీనం చెల్లదని చట్టంలోనే రాయాలి. ఆపైన ఓటు. కార్పొరేటర్‌ను ఎన్నుకునే రోజున అదే బూత్‌లో రెండో బ్యాలెట్ కాగితం ఇవ్వవచ్చు. దాని మీద ఒకే ఒక ప్రశ్న, రెండే గళ్లు. ఆ కాగితం మొదట కీసరకే పంపండి.