సవరణ: ఆసుపత్రుల్లో నర్సు శిక్షణ ఆరంభం గురించి

ఆసుపత్రి ఆధారిత నర్సు శిక్షణ 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే తొలిసారి మొదలైందనీ, ఫ్లోరెన్స్ నైటింగేల్ స్వయంగా ఆ పాఠశాలను నడిపారనీ గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవాలని మనవి.

జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న కైజర్స్‌వెర్త్‌లో క్రైస్తవ పాదరీ థియోడోర్ ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రీడెరికె 1836లోనే ఒక ఆసుపత్రిని నెలకొల్పి, రోగుల సేవలో స్త్రీలకు తర్ఫీదు ఇవ్వడం ప్రారంభించారు. నైటింగేల్ 1851లో కొన్ని నెలలు అక్కడే శిక్షణ పొందారు కనుక, ఆ సంస్థను విస్మరించి ఈ చరిత్రను చెప్పడం న్యాయం కాదు.

సెయింట్ థామస్ పాఠశాల విశిష్టత మరోచోట ఉంది. క్రిమియా యుద్ధకాలంలో నైటింగేల్ సేవలకు కృతజ్ఞతగా ప్రజలిచ్చిన విరాళాలతో ఏర్పడిన నిధి దానిని పోషించింది. అది ఏ మతసంఘానికీ చెందినది కాదు. విద్యార్థినులు ఒక ఏడాది పాటు వార్డుల్లో పనిచేస్తూ నేర్చుకునేవారు, వైద్యులు ఉపన్యాసాలు ఇచ్చేవారు. అనారోగ్యం వల్ల నైటింగేల్ దూరం నుంచే మార్గదర్శనం చేయగా, నిత్య నిర్వహణ భారమంతా ఆసుపత్రి మేట్రన్ (నర్సుల ప్రధాన పర్యవేక్షకురాలు) సారా వార్డ్‌రోపర్ మోశారు. ఆమె పేరు ఇంత తరచుగా మరుగున పడటం విచారకరం.

1873లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రితో పాటు న్యూహేవెన్, బోస్టన్ నగరాల్లో ఇదే నమూనాపై పాఠశాలలు వెలిశాయి. అయితే తర్వాత విస్తరించిన అమెరికా పాఠశాలల్లో అధిక భాగానికి అటువంటి స్వతంత్ర నిధి లేకపోవడంతో అవి ఆసుపత్రుల అధీనంలోకి వెళ్లాయి. చదువు కన్నా వార్డుల అవసరాలకే ప్రాధాన్యం దక్కి, విద్యార్థినుల శ్రమ మీదే ఎన్నో ఆసుపత్రులు నడిచాయి.