తొక్కు జాడీకి మార్కెట్ రేటు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆస్తి పంపకాలంటే ఇన్నాళ్లూ భూమి, బంగారం, పాత ఇల్లు, ఆ ఇంటి వెనక దారి. ఈ నాలుగింటితోనే పెద్దమనుషులకు తెల్లారేది. ఇప్పుడు వాళ్లు అయిదో పద్దు కూడా రాసుకోవాలి: అటక మీది తొక్కు జాడీ.

నిన్నటిదాకా దాన్ని కడగడానికి ఏ కోడలూ ముందుకు రాలేదు. పట్నం తీసుకుపొమ్మంటే "అంత బరువు ఎందుకే అమ్మా" అని కొడుకులు తప్పించుకున్నారు. అంతలో అమెరికాలో ఉన్న మనవడు ఒక ఫోటో పంపాడు. పైన గోధుమరంగు, కింద మీగడరంగు, అచ్చం మన జాడీయే. పక్కన రేటు, అదీ డాలర్లలో. చౌటుప్పల్ దగ్గర ప్లాటున్న చిన్నాయనకైతే రీజినల్ రింగ్ రోడ్డు మన అటక మీదుగానే పోతున్నంత హుషారొచ్చింది. తెల్లారకముందే ఫోను. "అన్నా, నాయనమ్మ జాడీ ఏం జేసిన్రే?"

ఆ ఫోటో పక్కనున్నది అమ్మేవాడు అడుగుతున్న ధర. ఎవరో ఇచ్చిన ధర కాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు దయచేసి నోరు మెదపకూడదు. చాలా ఏళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారు.

ఇక విలువ కట్టాలి. ముందు జాడీని బోర్లించి, మెరుపు లేని ఆ గరుకు అడుగున ముద్ర ఉందేమో చూడాలి. 'ఇంగ్లండ్' అని కనిపిస్తే ఇల్లంతా సంబరపడుతుంది కానీ, తన దేశానికొచ్చే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టింది 1891 నుంచి. ఆ పేరున్న జాడీ సాధారణంగా అంతకుముందుది కాదు. కాబట్టి "మా ముత్తాతకు నిజాం ప్రభువు ఇచ్చిన కానుక" అని చెప్పేముందు ఏ నిజామో ఇంట్లో అందరూ ఒక మాట అనుకోవాలి. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం 1911లోనే పోయాడు. ఏడో నిజాం అయితే 1948 దాకా సందుంది.

తర్వాత వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే నిక్షేపం. బొంగురుగా పలికిందా, ఎక్కడో పగులుంది. పన్నెండు వందల డిగ్రీలకు పైన కాలిన మట్టి గనక గట్టిపడి, ఉప్పునూ నూనెనూ పీల్చుకోదు. మన ముసలమ్మలు అందులో తొక్కు పోసి, వాసెన కట్టి, ఏడాదంతా నిశ్చింతగా ఉన్నది అందుకే. అదే వెంట్రుకంత చీలిక వచ్చిందంటే ఉప్పు బయటికొచ్చి, దాని వెంబడే తెల్లటి గీత గీస్తుంది. తాత ఆ గీత మీద ఎంసీల్ మెత్తి, అది ఆరకముందే అదిమాడు కాబట్టి బొటనవేలి ముద్ర కూడా పడింది. వారసత్వానికి ఇంతకన్నా రుజువేం కావాలని చిన్నాయన వాదన. ఆ వేలిముద్ర కిందే ధర సగం రాలిపోతుందని ఆయనకు చెప్పేదెవరు?

ఎవరో ఎందుకు, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను అమ్మేవాడు చెబుతాడు. అతను జాడీ కన్నా ముందు మన చెప్పులు చూస్తాడు. "ఇసొంటివి మస్తున్నయ్ సార్" అంటాడు. అబద్ధం కాదు, మన దేశంలోనూ ఈ రకం జాడీలు గుట్టలుగా తయారయ్యాయి. లోపల ముక్కు పెట్టి, "ఇంకా తొక్కు వాసనొస్తుంది" అని మరో వంద తగ్గిస్తాడు. ఆ వాసనే అసలు ఆస్తి అని నా అభిప్రాయం, కానీ దానికి మార్కెట్ లేదు.

డాలర్ల ఆశ ఇంకా చావనివాళ్లకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. నూరేళ్లు దాటి పురావస్తువుగా తేలిన దాన్ని మామూలు మనిషి విదేశాలకు పంపకూడదు. అందుకని చుట్టాల ముందు జాడీకి నూటయాభై ఏళ్లు, ఎయిర్‌పోర్టులో తొంభై. ఆడిటర్ దగ్గర వయసే ఉండదు: ఇంట్లో వాడుకునే సామాను అమ్మితే లాభం మీద పన్ను లేదు, కళాఖండమైతే ఉంది. అక్కడ మాత్రం అది వట్టి తొక్కు జాడీ.

ఇంత హడావుడిలో మూత సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సొంత మూత లేని జాడీని సేకరించేవాడెవడూ మోజుపడి కొనడు. అది సూర్యాపేటలో మేనత్త దగ్గరుంది. ఇన్నేళ్లూ దాన్ని తిరగేసి పిల్లికి పాలు పోసింది. మొన్నటి నుంచి పిల్లికి స్టీలు గిన్నె పెట్టిందట.