అరవై వాట్ల బాతు పిల్లలు

మా బావ కొబ్బరితోటలో కాయలు పోతున్నాయి. నరసన్నపేట దగ్గర పల్లె అది. ఊళ్లో కుక్కలకు లోటు లేదుగానీ, అవి దొంగల్ని కూడా తోక ఊపుతూ సాగనంపుతాయి. పెద్దబాతులైతే కొత్త మనిషి కనబడగానే మెడ సాచి ఊరంతా లేపుతాయని ఎవరో చెప్పారు. అంతే, పుష్యమాసం చలిలో ఆరు పిల్లల్ని పట్టుకొచ్చాడు.

తల్లి లేని పిల్లలకు మొదటి వారం సుమారు 32 డిగ్రీల వేడి ఉండాలి, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. బావ ఇదంతా ఫోన్‌లో చూసి కంఠతా పట్టాడు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో ఊక పరిచి, పైన బల్బు వేలాడదీశాడు. గది పెళ్లిపందిరిలా వెలిగింది. పిల్లలు మాత్రం ఒకదాని మీదొకటి ఎక్కి ఒకటే గోల. వెలుగు చాల్లేదేమోనని ఇంకోటి పెట్టాడు. రెండూ ఎల్ఈడీలే! తొమ్మిది వాట్ల ఎల్ఈడీ కింద దోమ కూడా చలి కాచుకోలేదు.

అరవై వాట్ల పాత బల్బు కోసం పేటంతా తిరిగాడు. "బావూ, ఆ బల్బులు ఇప్పుడెవులు కొంతన్నారు? కరెంటు బిల్లు పేలిపోద్ది" అని కొట్టతను మరో ఎల్ఈడీ అంటగట్టాడు. చివరికి అక్క అత్తగారి అటక మీద, గుడ్డలో చుట్టిన బల్బు ఒకటి దొరికింది. వెలిగింది కూడా.

ఇక వేడి కొలవాలి. ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు. కావలసింది ఫారెన్‌హీట్‌లో 90, దాని అంకెలేమో 94 దగ్గర మొదలు. పాదరసం కదల్లేదు. అక్కకి ఒళ్లు మండింది.

"ఏటండీ, ఆ గొట్టాన్ని కాదు, పిల్లల్ని చూడండి. ముద్దకట్టేస్తే చలి. బల్బుకి దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. సుబ్బరంగా చెదిరి తొంగుంటే సరిపోయినట్టు."

మర్నాడు ఆవిడ గుడికెళ్లి వచ్చేసరికి బావ వాటికి టబ్బులో ఈత నేర్పుతున్నాడు. తల్లి దగ్గరుంటే ఆమె ఈకల నూనె పిల్లల నూగుకీ అంటుతుంది. వీటికి ఆ భాగ్యం లేదు, నూగు తడిసి ఒణికిపోతున్నాయి. అక్క తువ్వాలుతో తుడిచి, ముక్కు రంధ్రాల దాకా మాత్రమే మునిగే లోతు గిన్నె పెట్టింది. టబ్బు అటకెక్కింది.

ఆ రాత్రే కరెంటు పోయింది. బాతులు ఇంట్లో ఉంటే తాను పుట్టింటికి పోతానన్న మనిషే, ఆరింటినీ కంబళిలోకి తీసుకుంది. బావకి దుప్పటి మిగిలింది.

ఇప్పుడవి తోట ముఖం చూడవు, అక్క చీర కుచ్చిళ్లు వదలవు. మొన్న డ్వాక్రా మీటింగుకీ వరసకట్టి వెళ్లాయి. అక్కడ కాపలా మాత్రం గట్టిగానే చేశాయి: వాయిదా డబ్బులివ్వడానికి వచ్చిన బావని గుమ్మం దాటనివ్వలేదట.